డిస్క్ 0 అంటే ఏ డిస్కు?

(విజయనగరంలో ఫొటో స్టూడియోల వాళ్లు, డీటీపీ సెంటర్ల వాళ్లు, కంప్యూటర్ సర్వీసు నేర్చుకుంటున్న కుర్రాళ్లు కలిసిన ఒక సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ బాబులు ముందుకి వచ్చేయండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇవాళ్టి విషయం వినడానికి చాలా చిన్నది. సిస్టమ్‌లో రెండు హార్డ్ డిస్కులు పెట్టాం. విండోస్ ఒకదాన్ని డిస్క్ 0 అంటుంది, రెండోదాన్ని డిస్క్ 1 అంటుంది. ఏది సున్నా, ఏది ఒకటి అని ఎవరు తేల్చారు? రేపు మళ్లీ ఆన్ చేస్తే అదే నంబరు ఉంటుందా? ఏళ్ల తరబడి సర్వీసు చేస్తున్నవాళ్లని అడిగినా "కేబుల్ ఏ పోర్టులో ఉంటే ఆ నంబరండీ" అని టక్కున చెప్పేస్తారు. ఒకప్పుడు అది చాలావరకు నిజం. ఆ ఒకప్పటి దగ్గరే మనలో చాలామందిమి ఆగిపోయాం, డేటా పోయేది కూడా అక్కడే.

ఒక సంగతి చెప్తాను, ఊరు పేరు వద్దు. మన జిల్లాలోనే ఒక స్టూడియో ఆయన. పెళ్లిళ్ల వీడియోలన్నీ 1 టీబీ డిస్కులో ఉన్నాయి, అది నిండిపోతే అదే కంపెనీ, అదే సైజు ఇంకొకటి కొని లోపల బిగించాడు. మై కంప్యూటర్‌లో కొత్తది కనిపించలేదు. కొత్త డిస్కుని ముందు ఇనీషియలైజ్ చేయాలి కదా, అంటే వాడకానికి సిద్ధం చేయాలి, ఆ సంగతి తెలియక ఫోన్లో ఏదో వీడియో చూశాడు. అందులో కుర్రాడు విండోస్‌లో కమాండ్లతో డిస్కుల్ని విడగొట్టే, తుడిచే డిస్క్‌పార్ట్ అనే ప్రోగ్రాము తెరిచి, సెలెక్ట్ డిస్క్ 1 అని కొట్టి, క్లీన్ అని కొట్టాడు. ఈయనా అదే కొట్టాడు. ఆ వీడియో కుర్రాడికి 1 అంటే కొత్త డిస్కు. ఈయన సిస్టమ్‌లో ఆ రోజు 1 అంటే పెళ్లిళ్ల డిస్కు. క్లీన్ కమాండు "నిజంగా తుడిచేయమంటారా" అని ఒక్క మాట కూడా అడగదు. ఎంటర్ కొట్టడం, అయిపోవడం.

నిజానికి అక్కడితో ఆగి ఉంటే చాలావరకు దక్కేది. ఉత్త క్లీన్ తుడిచేది పార్టిషన్ల పట్టికని, అంటే డిస్కుని ఏ ముక్కలుగా విడగొట్టామో రాసి ఉన్న చోటుని, లోపలి ఫైళ్ల జోలికి పోదు, రికవరీ సాఫ్ట్‌వేర్ పెడితే చాలా ఫైళ్లు వెనక్కి వస్తాయి. ఆయన ఆగలేదు, ఇదే కొత్త డిస్కు అనుకుని ఫార్మాట్ కొట్టి దాని మీద వేరే ఫుటేజీ కాపీ చేసేశాడు. (క్లీన్ ఆల్ అని ఇంకొకటి ఉంది, అది డిస్కు మొత్తం సున్నాలు రాస్తుంది. దాని తరవాత ఏ రికవరీ షాపుకి పట్టుకెళ్లినా లాభం లేదు. ఈ రెండింటి తేడా కుర్రాళ్లు రాసుకోండి.)

సరే, ఈ నంబర్లు ఎక్కడినుంచి వచ్చాయో చూద్దాం. కొంచెం వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే ఇప్పటి గజిబిజి అంతా పాత అలవాట్ల మీద కట్టిందే.

1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు అందులో హార్డ్ డిస్కు లేదు, ఫ్లాపీలే. మొదటి ఫ్లాపీ ఏ, రెండోది బీ. ఈ అక్షరాల పద్ధతి డాస్ సొంతం కాదు, అంతకుముందున్న సీపీఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి తెచ్చుకున్నది. సిస్టమ్‌లో ఒక్క ఫ్లాపీ డ్రైవే ఉన్నా డాస్ బీని వదులుకునేది కాదు, అదే డ్రైవుని రెండు పేర్లతో నడిపించేది, ఇప్పుడు బీ ఫ్లాపీ పెట్టి ఏదో ఒక కీ నొక్కండి అని అడిగేది. 1983లో పీసీ ఎక్స్‌టీ 10 ఎంబీ హార్డ్ డిస్కుతో వచ్చింది. జీబీ కాదు బాబూ, ఎంబీయే, మీ కెమెరాలో ఇప్పుడు తీసే ఒక్క రా ఫొటో కూడా చాలాసార్లు అందులో పట్టదు. ఏ, బీ రెండూ ఫ్లాపీలు తీసేసుకున్నాయి కాబట్టి దీనికి సీ దక్కింది. ఫ్లాపీ పోయి ఇన్నేళ్లయినా మన విండోస్ ఇప్పటికీ సీ లోనే కూర్చుంది.

ఆ కింద బయోస్, అంటే సిస్టమ్ ఆన్ చేయగానే మొదట నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాము, దాని లెక్క వేరే. ఫ్లాపీలకి 0, 1. హార్డ్ డిస్కులకి హెక్సాడెసిమల్‌లో 80, 81, 82, అంటే మన లెక్కలో 128 నుంచి మొదలు. సిస్టమ్ లేచేటప్పుడు బయోస్ "నువ్వు ఫలానా నంబరు డిస్కు మీంచి లేస్తున్నావు" అని బూట్ కోడ్‌కి ఆ నంబరు చేతికిస్తుంది. ఇక్కడే ఒక కిటుకు ఉంది. బయోస్‌లోకి వెళ్లి బూట్ ఆర్డర్‌లో రెండో డిస్కుని ముందుకి తెస్తే, మామూలుగా అదే 80 అయి కూర్చుంటుంది, పాతది 81కి జరుగుతుంది. పెన్‌డ్రైవ్ మీంచి బూట్ చేస్తే పెన్‌డ్రైవే 80. మనం కేబుల్ ముట్టుకోలేదు, డిస్కు కదలలేదు, నంబరు మాత్రం చేతులు మారిపోయింది.

డాస్, విండోస్ 98 రోజుల్లో సర్వీసు చేసినవాళ్లు ఇక్కడ ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు, వాళ్లకి ఈ బాధ గుర్తుండే ఉంటుంది. ఒక డిస్కుని సీ, డీ అని రెండు ముక్కలు చేసి పెట్టుకున్నాం. సీ ప్రైమరీ, అంటే నేరుగా డిస్కు పట్టికలో ఉన్న ముక్క. డీ లాజికల్ డ్రైవు, అంటే ఎక్స్‌టెండెడ్ అనే పెద్ద ముక్క లోపల చేసిన చిన్న ముక్క. సాఫ్ట్‌వేర్లన్నీ డీ లో ఇన్‌స్టాల్ చేసుకున్నాం. తరవాత కొంచెం డబ్బులొచ్చి రెండో డిస్కు కొన్నాం. దాన్ని తగిలించగానే పాత డీ కాస్తా "ఈ" అనే అక్షరం అయిపోయేది, కొత్త డిస్కు వచ్చి డీ అనేది, డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ ఒక్కటీ పనిచేసేది కాదు. వైరస్ అనుకుని ఫార్మాట్ కొట్టినవాళ్లు కూడా ఉన్నారు. కారణం ఏమిటంటే, డాస్ అక్షరాలు పంచేటప్పుడు ఒక డిస్కు మొత్తం పూర్తిచేసి రెండోదానికి వెళ్లేది కాదు. ముందు అన్ని డిస్కుల్లోనూ ఒక్కో ప్రైమరీ పార్టిషన్‌కి అక్షరం ఇచ్చేది, అవన్నీ అయ్యాక మళ్లీ మొదటి డిస్కు నుంచి లాజికల్ డ్రైవులకి ఇచ్చేది. అందుకే కొత్త డిస్కు ప్రైమరీ వచ్చి మధ్యలో దూరేది. తెలిసినవాళ్లు ఏం చేసేవారంటే, రెండో డిస్కులో ప్రైమరీ చేయకుండా మొత్తం ఎక్స్‌టెండెడ్ చేసి లాజికల్ డ్రైవులే పెట్టేవారు. అప్పుడు కొత్త అక్షరాలు చివర చేరేవి, పాతవి కదిలేవి కావు. ఇది ఎవరు కనిపెట్టారో గానీ దండం పెట్టాలి.

ఇక పోర్టు సంగతి. వెడల్పాటి ఐడీఈ రిబ్బన్ కేబుళ్లు ఉండేవి, ఒక కేబుల్‌కి రెండు డిస్కులు. డిస్కు వెనక జంపరు పెట్టి ఒకటి మాస్టర్, ఒకటి స్లేవ్ అని మనమే చెప్పాలి. రెండింటికీ మాస్టర్ పెడితే రెండూ కనిపించేవి కావు, కనిపించినా ఏది ఏదో అర్థమయ్యేది కాదు. విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్, అది అప్పట్లో డిస్కుల పేర్ల విషయంలో చాలా శుభ్రంగా ఉండేది: మొదటి కేబుల్ మాస్టర్ హెచ్‌డీఏ, దాని స్లేవ్ హెచ్‌డీబీ, రెండో కేబుల్ మాస్టర్ హెచ్‌డీసీ, దాని స్లేవ్ హెచ్‌డీడీ. మధ్యలో ఏదైనా లేకపోతే ఆ అక్షరం ఖాళీగా ఉండేది తప్ప వెనకది ముందుకి జరిగేది కాదు. "కేబుల్ ఎక్కడుంటే ఆ నంబరు" అన్న మాట పుట్టింది ఆ రోజుల్లోనే, అప్పటికి అది సరైన మాటే.

సాటా వచ్చాక ఒక కేబుల్‌కి ఒకటే డిస్కు, జంపర్ల గొడవ పోయింది. హమ్మయ్య అనుకున్నాం. కానీ లైనక్స్ ఈ సాటా డిస్కుల్ని స్కజీ అనే ఇంకో రకం డిస్కులకి అప్పటికే ఉన్న పద్ధతిలోకి చేర్చుకుంది, వాటి పేర్లు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ. స్కజీ పద్ధతి ఏమిటంటే, స్థలాన్ని బట్టి పేరు కాదు, ముందు దొరికినవాడికి ముందు అక్షరం. తరవాత పాత ఐడీఈ డిస్కులు కూడా అదే దారిలోకి వచ్చేశాయి, ఆ పాత ఐడీఈ డ్రైవర్‌నే 2021లో లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ లోంచి తీసేశారు. ఇప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టినా, యూఎస్‌బీ డిస్కు పెట్టినా, లోపలి సాటా డిస్కైనా అందరిదీ ఒకటే వరస. అక్షరాలు జడ్ దాకా అయిపోతే ఎస్‌డీఏఏ అని రెండు అక్షరాలతో మళ్లీ మొదలవుతుంది, పెద్ద స్టోరేజ్ సర్వర్లలో నిజంగానే అంత దూరం వెళ్తుంది.

మరి ముందు దొరికేది ఎవరు? అసలు చిక్కు ఇదే. పాత సిస్టమ్ ఒక్కో పోర్టు దగ్గరకీ వరసగా వెళ్లి, డిస్కు ఉందా అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగి, తరవాత పోర్టుకి వెళ్లేది. అలా చేస్తే బూట్ అవడానికి చాలా సేపు పడుతుంది. పెద్ద హార్డ్ డిస్కు ప్లేటు తిరిగి వేగం అందుకోవడానికే కొన్ని సెకన్లు కావాలి. అందుకని ఇప్పుడు విండోస్ అయినా లైనక్స్ అయినా అన్ని కంట్రోలర్లనీ ఒకేసారి పలకరిస్తాయి. ఎవరు ముందు పలికితే వాళ్లకి ముందు నంబరు. ఎస్‌ఎస్‌డీ చటుక్కున పలుకుతుంది, ముసలి హార్డ్ డిస్కు కొంచెం ఆలస్యంగా పలుకుతుంది, మదర్‌బోర్డు మీద రెండు రకాల కంట్రోలర్లు ఉంటే వాటిలో ఏ డ్రైవర్ ముందు లోడ్ అయ్యిందో దాన్ని బట్టి ఇంకో మార్పు. చాలా సిస్టముల్లో రోజూ ఒకటే వరస వస్తుంది, అందుకే మనకి అది స్థిరం అనిపిస్తుంది. ఒక కార్డ్ రీడర్ పెట్టిన రోజో, బయోస్ అప్‌డేట్ చేసిన రోజో, డిస్కు ముసలిదై నెమ్మదించిన రోజో వరస మారుతుంది. విండోస్ సెటప్‌లో కనిపించే డిస్కు నంబరు మదర్‌బోర్డు మీది సాటా పోర్టు నంబరుతో కలవాలని లేదని మైక్రోసాఫ్ట్ వాళ్లే రాసి పెట్టారు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే సీ డ్రైవు డిస్క్ 1లో ఉండటం చూసి కంగారుగా ఫోన్ చేసేవాళ్లుంటారు. కంగారు అక్కర్లేదు, అది మామూలే.

మనవాళ్లకి దీన్ని ఒక్క మాటలో చెప్పొచ్చు. హైదరాబాద్ నుంచి మనవైపు వచ్చే బండి విశాఖ స్టేషన్‌లోకి వెళ్లిందంటే అక్కడ ఇంజను విప్పి రెండో చివర తగిలిస్తారు కదా. తునిలో ఇంజను నుంచి మూడో పెట్టె విజయనగరం వచ్చేసరికి వెనక నుంచి మూడోది అయిపోతుంది. "ఇంజను నుంచి మూడో పెట్టెలో ఉన్నాం, సామాన్లు దించడానికి రా" అని తుని దగ్గర తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు ఇక్కడ ప్లాట్‌ఫాం ఆ చివర నిలబడతాడు, మనం ఈ చివర దిగుతాం, ఇంక మూటలతో పరుగు. అదే ఎస్5 అని చెప్తే ఏ బాధా లేదు, పెట్టె మీద రాసి ఉంటుంది, ఇంజను ఎటున్నా ఎస్5 ఎస్5నే. డిస్క్ 0, డిస్క్ 1, ఎస్‌డీఏ, బయోస్ 80, ఇవన్నీ ఇంజను నుంచి లెక్కలు. మరి పెట్టె మీద రాసిన పేరు డిస్కుకి ఎక్కడుంది?

ఉంది. ఒకటి కాదు, మూడు నాలుగు ఉన్నాయి. మొదటిది అందరూ చూసిందే, డిస్కు స్టిక్కరు మీద కంపెనీ వాడు వేసిన సీరియల్ నంబరు. అదే నంబరు లోపల ఫర్మ్‌వేర్‌లో కూడా ఉంటుంది, సాఫ్ట్‌వేర్ అడిగితే చెప్తుంది. రెండోది మనం డిస్కుని ఇనీషియలైజ్ చేసినప్పుడు విండోస్ రాసే గుర్తు. పార్టిషన్లు రాసుకునే పాత ఎంబీఆర్ పద్ధతి డిస్కైతే మొట్టమొదటి సెక్టారులో 440 బైట్ల తరవాత ఒక 4 బైట్ల నంబరు, దాన్ని డిస్క్ సిగ్నేచర్ అంటారు. కొత్త జీపీటీ పద్ధతి అయితే 16 బైట్ల జీయూఐడీ, డిస్కుకి ఒకటి, లోపలి ప్రతి పార్టిషన్‌కీ ఒకటి. మూడోది ఫార్మాట్ కొట్టినప్పుడు ఆ ఫైల్ సిస్టమ్‌కి పుట్టేది, లైనక్స్‌లో యూయూఐడీ అని చూస్తుంటారు. ఫార్మాట్ మళ్లీ కొడితే ఇది మారిపోతుంది, సీరియల్ మాత్రం డిస్కు చచ్చేదాకా మారదు.

విండోస్ అక్షరాల్ని గుర్తుపెట్టుకునేది వీటిని పట్టుకునే. విండోస్ 2000 నుంచి, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో మౌంటెడ్ డివైసెస్ అని ఒక చోటు ఉంది. "ఫలానా సిగ్నేచర్ ఉన్న డిస్కులో ఫలానా చోట మొదలయ్యే పార్టిషన్‌కి ఈ అక్షరం" అని అక్కడ రాసుకుంటుంది. అందుకే ఇప్పుడు లోపలి డిస్కుల కేబుళ్లు ఎటు మార్చినా, డిస్క్ 0 డిస్క్ 1 అయినా, డీ డీ గానే ఉంటుంది. నంబరు అటూ ఇటూ అవుతుంది, అక్షరం నిలబడుతుంది. ఒక్క మెలిక, ఆ పుస్తకం ఆ విండోస్‌దే. అదే డిస్కు పట్టుకెళ్లి ఇంకో సిస్టమ్‌కి తగిలిస్తే వాళ్ల పుస్తకం వేరు, వాళ్లు ఇచ్చే అక్షరం వేరు.

వీడియో ఎడిటింగ్ వాళ్లు ఇది జాగ్రత్తగా వినండి, మీ దగ్గర రోజూ జరిగేదే. సిరిమాను పండగ ఫుటేజీ ఎక్స్‌టర్నల్ డిస్కులో పెట్టి, ప్రీమియర్‌లో ప్రాజెక్టు చేశారు. ఆ రోజు డిస్కు ఎఫ్ డ్రైవు. మర్నాడు ముందు ఒక మెమరీ కార్డు పెట్టి తరవాత డిస్కు పెట్టారు, కార్డు ఎఫ్ తీసేసుకుంది, డిస్కు జీ అయింది. ప్రాజెక్టు తెరిస్తే స్క్రీనంతా ఎర్రగా మీడియా ఆఫ్‌లైన్. ఫుటేజీ పోయిందని టెన్షన్ పడిపోతారు. ఏమీ పోలేదు, ప్రాజెక్టు ఫైలు లోపల ఎఫ్ తో మొదలయ్యే దారి రాసి ఉంది, ఆ దారిలో ఇప్పుడు ఫైళ్లు లేవు, అంతే. లింక్ మీడియా అని ఒక్కో ఫైలూ చూపించుకుంటూ కూర్చోవచ్చు. లేదా డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఆ డిస్కుకి ఎఫ్ మళ్లీ ఇచ్చేయొచ్చు, అర నిమిషం పని. నేను చెప్పేదేమిటంటే ముందే ఆ డిస్కుకి దూరంగా ఉన్న అక్షరం ఇచ్చేయండి, పీ అనో ఆర్ అనో. విండోస్ కొత్తగా వచ్చినవాటికి ముందున్న ఖాళీ అక్షరాలే ఇస్తుంది కాబట్టి కార్డులు, పెన్‌డ్రైవులు ఎన్ని వచ్చినా పీ దాకా రావు. స్టూడియోలో మూడు సిస్టములుంటే మూడింటిలోనూ ఆ డిస్కుకి అదే పీ ఇచ్చి ఉంచండి. డిస్కు మీద మార్కర్‌తో పెద్దగా పీ అని రాసేయండి. వాల్యూమ్ పేరు కూడా పెట్టండి, న్యూ వాల్యూమ్ అని వదిలేయకండి, ఒకే టేబుల్ మీద నాలుగు న్యూ వాల్యూములున్న స్టూడియోలు కూడా ఉంటాయి.

ఇంకొకటి, దీనికి బలయ్యేవాళ్లు చాలామంది. పాత హార్డ్ డిస్కులో విండోస్ ఉంది, కొత్తగా ఎస్‌ఎస్‌డీ పెట్టించుకున్నారు. హార్డ్ డిస్కు అలాగే ఉంచి, సెటప్ పెట్టి, విండోస్ ఎస్‌ఎస్‌డీలో వేశారు. బ్రహ్మాండంగా నడుస్తోంది. కొన్నాళ్లకి పాత హార్డ్ డిస్కు తీసేశారు. సిస్టమ్ లేవదు. ఎస్‌ఎస్‌డీ పోయిందని షాపుకి తెస్తారు. ఎస్‌ఎస్‌డీకి ఏమీ కాలేదు. సెటప్ అప్పట్లో చూస్తే పాత డిస్కులో సిస్టమ్‌ని లేపే ఫైళ్లు ఉండే ఈఎఫ్‌ఐ పార్టిషన్ అప్పటికే ఉంది, బూట్ ఫైళ్లు అందులోనే పెట్టేసింది, విండోస్ ఫోల్డరు మాత్రం ఎస్‌ఎస్‌డీలో వేసింది. అంటే లేపేవాడు ఒక డిస్కులో, లేచేవాడు ఇంకో డిస్కులో. అందుకే సర్వీసు చేసే కుర్రాళ్లందరికీ చెప్తున్నాను, విండోస్ వేసేటప్పుడు వేసే డిస్కు ఒక్కటే ఉంచి మిగతా అన్నింటి కేబుళ్లు పీకేయండి. డిస్క్ 0 అవునా డిస్క్ 1 అవునా అన్న ప్రశ్నే ఉండదు, పొరపాటున డేటా డిస్కు ఫార్మాట్ అయ్యే భయమూ ఉండదు. రెండు స్క్రూలు విప్పడానికి బద్ధకించి కస్టమర్‌తో మాట పడటం ఎందుకు.

లైనక్స్ వాళ్ల దగ్గర ఇదే జబ్బు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో కనిపిస్తుంది. ఏ డిస్కు ఏ ఫోల్డరులో మౌంట్ అవ్వాలో, అంటే ఏ ఫోల్డరుగా కనిపించాలో రాసే ఫైలు అది. పాత పాఠాలు చూసి అందులో ఎస్‌డీబీ1 అని రాస్తారు. ఒకరోజు వరస మారి ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీసీ అవుతుంది, లేదా డిస్కే లేదు. సిస్టమ్ ఆ డిస్కు కోసం 90 సెకన్లు ఎదురుచూసి, రాకపోతే ఎమర్జెన్సీ మోడ్ అని నల్ల స్క్రీన్ పడేస్తుంది. ఆఫీసు సర్వర్ అయితే ఇంక ఫోన్లు ఆగవు. యూయూఐడీ రాయండి. బీఎల్‌కేఐడీ అని కమాండు కొడితే అన్నీ చూపిస్తుంది, కాపీ చేసి పెట్టుకోవడమే. బ్యాకప్ డిస్కు లాంటిది ఉన్నా లేకపోయినా సిస్టమ్ లేవాలి అనుకుంటే పక్కన నోఫెయిల్ అని చేర్చండి.

ప్రశ్నలు అడుగుతారా? చెప్పు బాబూ.

ప్రశ్న: సార్, డిస్కులు సున్నా నుంచి, పార్టిషన్లు ఒకటి నుంచి ఎందుకు లెక్కపెడతారు?

ఎవరి అలవాటు వాళ్లది, కలిపి కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్నది కాదు. డిస్క్‌పార్ట్‌లోనే చూడు, డిస్కులు 0 నుంచి, వాల్యూములు 0 నుంచి, పార్టిషన్లు 1 నుంచి. ఎక్స్‌పీలో బూట్.ఐఎన్‌ఐ ఫైలు ఉండేది, అందులోనూ ఆర్‌డిస్క్ 0, పార్టిషన్ 1 అనే ఉండేది. లైనక్స్‌ని లేపే ప్రోగ్రాము గ్రబ్ ఉంది కదా, పాత గ్రబ్‌లో మొదటి డిస్కు మొదటి పార్టిషన్ హెచ్‌డీ0 కామా 0, కొత్త గ్రబ్‌లో హెచ్‌డీ0 కామా 1. పాత నోట్స్ చూసి కొత్త గ్రబ్‌లో కొడితే ఒక పార్టిషన్ పక్కకి పోతుంది. ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ అయితే ఒకే పేరులో రెండూ ఉన్నాయి, ఎన్‌వీఎంఈ0ఎన్1పీ1 అంటే కంట్రోలర్ 0 నుంచి, నేమ్‌స్పేస్ (ఆ డిస్కు లోపలి విభాగం) 1 నుంచి, పార్టిషన్ 1 నుంచి. పాత డిస్కుల్లో లైనక్స్ ఇంకో సరదా చేస్తుంది: ప్రైమరీ ఒక్కటే ఉన్నా మొదటి లాజికల్ డ్రైవు 5 నుంచే మొదలవుతుంది. 1 తరవాత 5 చూసి మధ్యలో మూడు పార్టిషన్లు పోయాయని భయపడకు, 1 నుంచి 4 దాకా ప్రైమరీలకీ ఎక్స్‌టెండెడ్‌కీ కేటాయించినవి.

ప్రశ్న: అండీ, మా డీటీపీ సెంటర్లో ఒకే కంపెనీ, ఒకే సైజు డిస్కులు రెండున్నాయి. ఏది ఏదో ఎలా తెలుసుకోవాలి?

మంచి ప్రశ్న అడిగారమ్మా. పేరూ ఒకటే, సైజూ ఒకటే, రెండూ 931 జీబీ అనే చూపిస్తాయి. అప్పుడు సీరియల్ నంబరు ఒక్కటే దిక్కు. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి గెట్ హైఫన్ డిస్క్ అని కొట్టండి, నంబరు పక్కనే డిస్కు పేరు, సీరియల్ ఒకే వరసలో వస్తాయి. లైనక్స్‌లో ఎల్‌ఎస్‌బీఎల్‌కేకి మోడల్, సీరియల్ కాలమ్స్ అడగొచ్చు. ఆ సీరియల్లో చివరి నాలుగు అక్షరాలు డిస్కు స్టిక్కరుతో పోల్చుకోండి. క్యాబినెట్‌లో బిగించేశాక స్టిక్కరు కనిపించదు, అందుకని బిగించకముందే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ఒక జాగ్రత్త, కొన్ని చవక యూఎస్‌బీ డబ్బాలు లోపలి డిస్కు సీరియల్ చెప్పవు, తమ సొంత నంబరు చెప్తాయి. అలాంటప్పుడు డబ్బాలో ఒకసారికి ఒక్క డిస్కే పెట్టి పని చేసుకోండి. పెన్‌డ్రైవ్ బూటబుల్ చేయడానికి రూఫస్ వాడతారు కదా, అది మామూలుగా యూఎస్‌బీ హార్డ్ డిస్కుల్ని లిస్టులో చూపించదు, కావాలని టిక్ పెడితేనే చూపిస్తుంది. ఆ టిక్ పెట్టకండి, అది మీ మంచికే అలా పెట్టారు.

ప్రశ్న: సార్, నేను హార్డ్ డిస్కుని క్లోన్ చేశాను. రెండూ కలిపి పెడితే ఒకటి ఆఫ్‌లైన్ అంటోంది. డిస్కు పాడైందా?

పాడవలేదు. క్లోన్ అంటే బైటుకి బైటు కాపీ కాబట్టి ఆ 4 బైట్ల సిగ్నేచర్ కూడా కాపీ అయిపోయింది. ఒకే సిగ్నేచర్‌తో ఇద్దరు వస్తే విండోస్ ఒకరిని బయట నిలబెడుతుంది, కారణం కూడా చెప్తుంది, ఆ ఆఫ్‌లైన్ అన్న చోట మౌస్ పెట్టి చూడు, సిగ్నేచర్ కొలిజన్ అని ఉంటుంది. రైట్ క్లిక్ చేసి ఆన్‌లైన్ అంటే వచ్చేస్తుంది, కానీ తొందరపడకు. ఆన్‌లైన్ చేయగానే విండోస్ దానికి కొత్త సిగ్నేచర్ రాసేస్తుంది. అది ఉత్త డేటా డిస్కైతే ఏ నష్టం లేదు. అందులో విండోస్ ఉండి, రేపు దాన్నే బూట్ డిస్కుగా పెట్టుకుందాం అనుకుంటే మాత్రం చిక్కు, దాని బూట్ సెట్టింగుల్లో పాత సిగ్నేచరే రాసి ఉంటుంది, అది కనపడక బూట్ దగ్గర ఆగిపోతుంది, 0ఎక్స్‌సీ000000ఈ అని నీలం తెర మీద చూసే ఉంటావు. కాబట్టి క్లోన్ అయిపోయిన వెంటనే సిస్టమ్ ఆపి, పాతది పీకి, కొత్తది ఒక్కటే పెట్టి ఒకసారి లేపు. అది లేచి అంతా బావుంటే పాతదాన్ని తరవాత తగిలించు, అప్పుడు ఆఫ్‌లైన్ అయ్యేది పాతది. దాన్ని ఆన్‌లైన్ చేస్తే పాతదాని సిగ్నేచర్ మారుతుంది, అది ఇంక డేటా డిస్కే కాబట్టి నీకు ఇబ్బంది లేదు. ఇప్పటికే తొందరపడి మార్చేసి ఉంటే, డిస్క్‌పార్ట్‌లో ఆ డిస్కుని సెలెక్ట్ చేసి యూనిక్ ఐడీ డిస్క్ అని కొడితే ఇప్పుడున్న సిగ్నేచర్ చూపిస్తుంది, ఐడీ ఈక్వల్స్ అని పాత నంబరు ఇస్తే వెనక్కి పెట్టుకోవచ్చు. సెలెక్ట్ కొట్టేముందు నంబరు ఏ డిస్కుదో గెట్ డిస్క్‌తో చూసుకుని కొట్టు.